పంపు పోలేదు, టైమింగ్ తప్పింది

చలికాలంలో మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే రైతుకు తెల్లవారుజామున మూడు గంటలకు బండి స్టార్టు కాకపోతే ఏమవుతుందో మనలో చాలామందికి అనుభవమే. మొన్న మన సంఘ సభ్యుడొకరికి అదే జరిగింది. పాత డీజిల్ పికప్, 60 క్రేట్లు ఎక్కించి ఉంది. సెల్ఫ్ కొడుతుంటే తెల్లటి పొగ, కళ్లు మండే వాసన తప్ప ఇంజను అందుకోదు. నలుగురూ తోసి స్టార్టు చేసి మండీకి చేరేసరికి వేలం చివరికొచ్చింది. ఆ రోజు వచ్చిన డబ్బు కోత కూలీకి కూడా చాలలేదు.

వర్క్‌షాపులో చూపిస్తే పంపు, నాజిళ్లు మొత్తం మార్చాలన్నారు. రూ.40 వేల పైమాటే. ఆయన అప్పు కోసం తిరుగుతూ మా దగ్గరికి వచ్చారు. మేము అడిగింది ఒక్కటే: "ఈ మధ్య పంపు దించినారా అన్నా?" నెల కిందట సీలు కారుతోందని దించి, మళ్లీ బిగించారట. పాత మెకానిక్ ఒకాయన వచ్చి టార్చిలైటు వేసి చూశాడు. పంపు ఫ్లాంజి మీది గీత, ఇంజను మీది గీత రెండు మిల్లీమీటర్లు తేడాగా ఉన్నాయి. నట్లు వదులు చేసి, గీతలు కలిపి బిగించాడు. గంట పని.

పాత పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పు రవ్వ ఎప్పుడు వేయాలో డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటుంది. డీజిల్‌కు రవ్వ లేదు. పిస్టను గాలిని నొక్కి వేడెక్కించాక, అది పైకొచ్చే సమయానికి కొన్ని డిగ్రీల ముందు పంపు నూనె కొట్టాలి. ఆలస్యంగా కొడితే పొద్దున్నే తెల్లపొగ, ఎక్కుడు మీద లాగకపోవడం, ఇంజను వేడెక్కడం, నూనె ఎక్కువ తాగడం. మరీ ముందుగా కొడితే లోపల సుత్తితో బాదినట్టు చప్పుడు. లోడు ఎక్కువ లాగుతుందని కొందరు డ్రైవర్లు పంపును కావాలనే ముందుకు జరిపిస్తారు. మనవాళ్లే ఈ పని చేస్తున్నారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత హెడ్ గాస్కెట్టో పిస్టనో పోతుంది.

అట్లాగని పొగ కనబడగానే పంపు మీద చేయి వేయకూడదు. ముందు డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు చూడండి. లైనులో ఎయిర్ పట్టిందేమో తీయండి. హీటర్ ప్లగ్గులున్న బండి అయితే అవి వేడెక్కుతున్నాయో లేదో చూడండి. రేడియేటరులో నీళ్లు తగ్గుతూ తెల్లపొగ వస్తుంటే అది గాస్కెట్ సంగతి. ఇంజను నిదానంగా ఆడుతుండగా మెకానిక్ ఒక్కో నాజిల్ పైపు నట్టును కొంచెం వదులు చేస్తాడు. ఏ నట్టు దగ్గర ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండరు పని చేయడం లేదన్నమాట. అప్పుడు చేయి దగ్గర పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

ఇవన్నీ సరిగా ఉంటేనే టైమింగ్. పంపు దించే ముందు గీత ఉందో లేదో చూసి, లేకపోతే రంపం బ్లేడుతో సన్నగా గీయించండి. గీతలు చెరిగిపోయిన లైను పంపుకు పాతవాళ్ల పద్ధతి ఉంది. ఒకటో నంబరు డెలివరీ వాల్వు తీసి, వంకర పైపు బిగించి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతారు. నూనె ధార ఆగిన చోట ఫ్లైవీల్ గుర్తు ఎక్కడుందో చూస్తారు. కానీ ఎన్ని డిగ్రీలకు ఆగాలో తెలియాలి గదా! మనం పట్టుకోవాల్సింది అక్కడే. ఆ అంకె కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం తెలుగులో మన మండలంలో ఏ మెకానిక్ దగ్గరా మేము చూడలేదు. కొత్త బండ్లలోనైతే టైమింగ్ కంప్యూటరే చూస్తుంది, దాన్ని చదివే పరికరం ఊరి షెడ్డులో ఉండదు.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, మోటారు వాహనాలు రెండూ అందులో ఉన్నాయి. అదే డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. కమిటీ వేసిన ఏడాదే ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ ఫీజులు పెంచారు. పాత బండిని పొగ పేరుతో ఆపడం తెలిసిన ప్రభుత్వానికి, ఆ పొగ తగ్గించే అంకెను ఊరి మెకానిక్‌కు ఇప్పించడం ఎందుకు చేతకాదు? ప్రతి పాత మోడల్ టైమింగ్ వివరాలు తెలుగులో అచ్చువేసి ఇవ్వాలని, గ్రామీణ మెకానిక్‌లకు ఐటీఐలలో ఉచితంగా శిక్షణ ఇవ్వాలని మనం అడుగుతున్నాం.

ఈలోగా మన పని మనం మొదలుపెడదాం. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు మీ బండి మోడల్, సంవత్సరం, పంపు మీది రేకు పట్టీలో ఉన్న నంబరు రాసి తీసుకురండి. మీ మెకానిక్‌కు డిగ్రీల లెక్క తెలిసుంటే అదీ రాయించండి. ఇద్దరు మెకానిక్‌ల చేత సరిచూపించి, షెడ్డు గోడకు అంటించుకునేలా ఒక కాగితం వేయిస్తాం.