పలకపై దైవము

చిత్రమునకు విషయమే ప్రాణమనియు, అది గుడ్డపై నున్నను రాతిపై నున్నను ఒకటే యనియు మన కళావిమర్శకులు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంత పొల్లో తెలిసికొనుటకు పదునేడవ శతాబ్దమున ఇటలీలో నల్లరాతి పలకపై తైలవర్ణములతో వ్రాసిన చిన్న భక్తిచిత్ర మొక్కటి చాలును.

1530 ప్రాంతమున రోము నగరమున సెబాస్టియానో దెల్ పియోంబో ఈ పద్ధతికి ప్రాచుర్యము కల్పించెను. అంతకు మూడేండ్ల ముందు, 1527లో, ఆ నగరము సైనికుల దోపిడికి గురియై యుండెను. గుడ్డ చినుగును, కొయ్యను పురుగు తినును, రాయి నిలుచునని ఆనాటివారి ఆశ. ఆ ఆశ సగమే నిజము. జారిపడిన పలక పగులును. ఈ పద్ధతి విలువ మన్నికలో లేదు. బరోక్ యుగమున వెరోనా నగరపు అలెస్సాండ్రో తుర్కి మొదలగువారు పవిత్రగాథలను నల్లరాతిపై చిత్రించుచు, రాతిని అక్కడక్కడ పూయక విడిచిరి. ఆ రాయే రాత్రి యయ్యెను. చీకటినుండి వెలువడు ముఖమునకు అది నేపథ్యమై నిలిచెను.

ఇవి ధనికుల పెట్టెలలోని వింతవస్తువులే కదా యని ఆక్షేపింతురు. నీలిరాతి వంటి ఖరీదైన శిలలపై వ్రాసిన చిత్రములను సంపన్నులు ముచ్చటపడి సేకరించినమాట వాస్తవమే. కాని రూబెన్స్ మాట యేమి? రోములోని సాంతా మరియా ఇన్ వల్లిచెల్లా దేవాలయమునకు ఆయన మొదట గుడ్డపై వ్రాసిన బలిపీఠచిత్రము వెలుతురు తగిలి మెరయుచు కంటికి సరిగా అందలేదు. 1608లో ఆయన పలకరాతిపై మరల చిత్రించెను. అది పెట్టెలో దాచు బొమ్మ కాదు. ఆలయమునకు వచ్చు జనులందరు చూడవలసిన చిత్రము. పదార్థము మార్చుట ఆయనకు వేడుక కాదు, అవసరము.

ఇంచుమించు సెబాస్టియానో కాలముననే మన లేపాక్షి వీరభద్రాలయపు కప్పులపై చిత్రములు వెలసెను. అచట రాతిపై సున్నపుపూత పూసి, దానిపై రంగులు వేసిరి. అచట రాయి చిత్రమును మోసెను. వెరోనాలో రాయి చిత్రములో భాగమయ్యెను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యని నే ననుట లేదు. రెంటికిని దారి చూపినది పదార్థమే.

అచ్చుబొమ్మలో రాతి నలుపును సిరా నలుపును ఒక్కటే. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ తెలుగు ఇంటిలో నైనను, రోములో నైనను, గోడకు వ్రేలాడు అచ్చుపటము భక్తునకు చాలును. విమర్శకునకు చాలదు. మార్కాపురము పలకపై బలపముతో అక్షరములు దిద్దిన జాతికి రాతి నలుపుపై తెల్లని గీత ఎట్లు వెలుగునో వేరుగా చెప్పవలెనా?

అనువాదములు చదువు మనకు ఇది పరాయి సంగతి కాదు. భావము ఏరు దాటి వచ్చును. మూలభాష యను శరీరము ఆవలి యొడ్డుననే నిలుచును. అట్లు నిలిచినదని యెరిగి చదువుటే వివేకము. కావున చిత్రమును అచ్చువేయు ప్రతి పుటలోను అది దేనిపై వ్రాయబడినదో, దాని కొలత యెంతో తెలుపవలెను. ఆ రెండును తెలియక తీర్పు చెప్పువాడు చిత్రమును చూడలేదు. దాని నీడను మాత్రమే చూచినాడు.