వైద్యశాలలలోని పనివారి సంగతి

వానకాలము ప్రవేశించినంతనే పాల్వంచ మొదలుకొని భద్రాచలము వరకు గల యడవియంచు గ్రామములలో చలిజ్వరములు తలయెత్తుట మన పాఠకులకు క్రొత్త సంగతి కాదు. మలేరియా, డెంగీ, విరేచనములు, పాముకాట్లు, ఇవి యన్నియు నొక్క పక్షము లోపలనే ప్రభుత్వ వైద్యశాల వాకిట వచ్చి నిలుచును. అప్పుడు పత్రికలలో రెండు విధములైన వార్తలు వెలువడును: మంచములు చాలలేదని యొకటి, మందులు లేవని మరియొకటి. ఆ మంచము ప్రక్కను సూదియు మందును చేతబట్టుకొని నిలిచిన మనిషిని గూర్చిన వార్త మాత్రము, ఆ మనిషి సమ్మె చేసిన దినమున దప్ప, అరుదుగా గాని రాదు. నేడు మే మా మనిషిని గూర్చియే వ్రాయదలచితిమి.

భవనముల విషయమున మన ప్రాంతము దౌర్భాగ్యమైనదని చెప్పుటకు వీలులేదు. 2016 అక్టోబరు 11వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము ప్రత్యేక జిల్లా యయ్యెను. 2022 నవంబరులో రాష్ట్రమున నొక్క దినముననే ప్రారంభింపబడిన యెనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలలలో కొత్తగూడెపు కళాశాల యొకటి. ప్రసవము కష్టమైనచో వరంగల్లునకో హైదరాబాదునకో పరుగిడవలసిన సీమలో వైద్యులనే తయారుచేయు విద్యాలయము వెలయుట మేము హర్షించిన విషయమే. కాని రాయియు సున్నమును రోగిని చూడవు. శంకుస్థాపనకు మంత్రులు వత్తురు. ప్రారంభోత్సవమునకు పూలదండలు వచ్చును. రాత్రి రెండు గంటల వేళ వార్డులో నెందరు నర్సులున్నారని లెక్కించుటకు మాత్ర మెవరును రారు.

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము అను నాలుగు గుణములుండవలెనని యాచార్యుని నిర్ణయము. ఈ గుణములను మనము పరిచారకులనుండి నిత్యమును కోరుచునే యున్నాము. అవి గల మనిషికి నిద్రయు, భోజనమును, నెలజీతమును సైతము కావలెనను సంగతి మాత్రము మరచితిమి. మూడవ పాదము విరిగిన మంచముపై నెంతటి ధన్వంతరి చికిత్స చేసినను రోగి క్రిందపడును.

ఇక మన పాల్వంచనే చూతము. ఈ యూరికి ఉద్యోగముల ప్రశ్న యన నేమో యొకరు నేర్పనక్కరలేదు. 1969 జనవరిలో తెలంగాణా రక్షణల ఉద్యమ మంకురించినది ఇచటి థర్మల్ విద్యుత్కేంద్రపు టుద్యోగముల విషయముననే. ఒక వంక విద్యుత్కేంద్రము, మరియొక వంక కొత్తగూడెపు సింగరేణి గనులు. ఈ రెంటి నీడలో పెరిగిన జనమునకు షిఫ్టు అనిన నేమో, వారపు సెలవనిన నేమో బాగుగ తెలియును. 1952 నాటి గనుల చట్టము భూమిపైన పనిచేయువానికి దినమునకు 9 గంటలు, భూగర్భమున పనిచేయువానికి 8 గంటలు, ఎవరికైనను వారమునకు 48 గంటలు మించరాదని కట్టడి చేసెను. వారమున కొకదినము విశ్రాంతి విధించెను. ఆ కట్టడి దయచే వచ్చినది కాదు, కార్మికులు పోరి తెచ్చుకొనినది. విద్యుత్కేంద్రపు బాయిలరును సైతము నియతకాలమున నాపి, చల్లార్చి, లోపల పరీక్షించి, మరమ్మతు చేసిన పిమ్మటగాని మరల మండింపరు. అలసిన యినుము పగులునని యింజనీ రెరుగును గనుక ఇనుమునకు విశ్రాంతి దొరకినది. పొలములో పాము కరచిన పాలేరును బ్రతికించు హౌసు సర్జనునకును, నర్సునకును అది యింకను దొరకలేదు.

కట్టడి యసలే లేదనుటయు సరికాదు. కేంద్రప్రభుత్వము 1992లో రెసిడెంటు వైద్యుల విధానమును ప్రకటించుచు, సాధారణముగా నొకేసారి 12 గంటలకును, వారమునకు 48 గంటలకును మించి వారిచే పని చేయింపరాదని చెప్పెను. ఆ మాట కాగితముపైననే యుండిపోయెను. ముప్పదిరెండు సంవత్సరములు గడచిన పిమ్మట, 2024లో, జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళము వైద్యవిద్యార్థుల మానసికారోగ్యమును విచారించి, వారమునకు 74 గంటలు మించరాదని సిఫారసు చేసెను. సంస్కర్తలు కోరినదే పాత యుత్తరువుకంటె 26 గంటలు హెచ్చుగ నుండెననిన, వాస్తవమెట్లుండెనో పాఠకులే యూహింపవచ్చును. 1984లో న్యూయార్కు నగరమున నొక యువతి వైద్యశాలలో చేరిన కొన్ని గంటలలోనే మరణింపగా, ఆమెను చూచిన యువవైద్యు లెంతసేపటినుండి మేలుకొనియుండిరను ప్రశ్న పుట్టి, 1989లో ఆ రాష్ట్రము వారమునకు 80 గంటల పరిమితి విధించెను. ఆ పరిమితియు గొప్పది కాదు. ఐనను అలసిన వైద్యునివలన నష్టపడువాడు రోగియే యను సత్యము నచటివారు బహిరంగముగ నంగీకరించిరి. ప్రపంచారోగ్య సంస్థయు 2019లో, ఉద్యోగపు టొత్తిడిచే మనిషి లోలోపల కాలిపోవు స్థితిని వ్యక్తి రోగముగా గాక పనికి సంబంధించిన విషయముగా పేర్కొనెను. అనగా చక్కదిద్దవలసినది పని యేర్పాటునే.

ఈ రచయిత యొక వానకాలమున నీ యడవియంచుననే యొక ప్రభుత్వ వైద్యశాలలో బంధువునకు తోడుగా నొక రాత్రి గడపెను. నలువదిమంది రోగులున్న వార్డునకు ఒక్క నర్సు. ఆమెయే సూది వేయును, ఆమెయే సెలైను సీసా మార్చును, ఆమెయే రిజిస్టరు వ్రాయును, అదియే మరల కంప్యూటరులో నెక్కించును, తలుపువద్ద కేకలు వేయు బంధువులకు సమాధానమును చెప్పును. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆమె బల్లపై తల వాల్చి యైదు నిమిషములు కన్ను మూయగా, ఎవరో సెల్‌ఫోనుతో ఫోటో తీసిరి. ఉదయమున కా ఫోటో ఊరంతయు తిరిగెను: డ్యూటీలో నిద్రించుచున్న నర్సు! ముందటి పగటి డ్యూటీయు నామెయే చేసినదను సంగతి ఫోటోలో కనబడదు గదా!

భద్రాచలపు ప్రాంతీయ వైద్యశాల సంగతి మరియు విచిత్రము. 1959 వరకు తూర్పుగోదావరిలో నుండి పిమ్మట ఖమ్మము జిల్లాలో చేరిన యా సీమలో, 2014లో పోలవరపు ముంపు కారణమున పెక్కు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. పట్టణము తెలంగాణమున నిలిచెను. గీత గీచినవారు భూమిని పంచిరి, జ్వరమును పంచలేకపోయిరి. చింతూరు, కూనవరము వైపునుండియు, ఛత్తీస్‌గఢ్ అడవులనుండియు రోగు లీ వైద్యశాలకే వత్తురు. రోడ్డు లేనిచోట గర్భిణులను డోలీలలో మోసికొని వత్తురు. వారిని రావద్దనుట పాపము. కాని సిబ్బందిని మంజూరుచేయు కాగితములో మంచముల లెక్క యుండును గాని, సరిహద్దు దాటివచ్చు జనుల లెక్క యుండదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటి, 1986 తరువాత నెన్నడు నెరుగని వరద వచ్చినప్పుడు, నెలలు నిండిన గర్భిణులను ముందుగ తరలించు భారమును ఈ కొద్దిమంది మీదనే పడెను.

ఒక్క వార్డులో నిలిచి చూచినయెడల ఒకే రోగికి సేవచేయువారిలో నెన్ని జాతుల యుద్యోగములో తెలియగలదు. శాఖ యుద్యోగులు కొందరు, 1986 నాటి చట్టముచే నేర్పడిన వైద్యవిధాన పరిషత్తు వ్యవస్థలో చేరినవారు కొందరు, కాంట్రాక్టువారు కొందరు, ఔట్‌సోర్సింగు పేర నొక ఏజెన్సీ చేతిమీదుగా వచ్చు పారిశుద్ధ్య కార్మికులు, రోగిసేవకులు మరికొందరు. మొదటివానికి నెలకు నెల జీతము. కడపటివానికి ఏజెన్సీకి బిల్లు వచ్చినప్పుడు. ఆ కడపటివాడే రక్తము తుడుచును, శవమును మోయును. 2005లో గ్రామీణారోగ్య మిషనుతోపాటు వచ్చిన ఆశాల సంగతి యింకను వింత. వారు కార్మికులు కారట, స్వచ్ఛంద సేవికలట! 2022 మే నెలలో ప్రపంచారోగ్య సంస్థ మన దేశపు ఆశాలకు పురస్కార మిచ్చెను; 2023 సెప్టెంబరులో తెలంగాణా ఆశాలు నెలకు 18,000 రూపాయల స్థిరవేతనము కోరి వీధి కెక్కిరి. 2024 జూనులో జూనియరు వైద్యుల సమ్మెకు గల ముఖ్యకారణములలో నొకటి స్టైపెండు నెలనెల సకాలమున చేతికి రాకపోవుట. హెచ్చు చేయుమని కాదు, ఇచ్చుమని!

సేవ యను మాటను మేమును పూజింతుము. కాని యది చేయువాడు చెప్పుకొనదగిన మాట. చేయించుకొనువాడు జీతము బదులు చెల్లింపదగినది కాదు.

ప్రభుత్వ మేమియు చేయలేదనుట న్యాయము కాదు. 2024 జనవరి 31న హైదరాబాదులో సుమా రేడువేలమంది నర్సులకు నియామక పత్రము లిచ్చిరి. ఐనను పత్ర మందుకొనుట యొకటి, చర్లకో గుండాలకో పోయి నిలిచియుండుట మరియొకటి. 2021 డిసెంబరు నాటి 317వ ఉత్తరువుచే ఉద్యోగులను క్రొత్త జిల్లాలకు పంచినప్పుడు భార్య యొక జిల్లా, భర్త యొక జిల్లాయైన కుటుంబముల మొర మనము వింటిమి. ఇచట నుండుటకు క్వార్టర్సు లేవు; ఉన్నచోట కురియును. ఊరిలో నద్దెకు తీసికొందమనిన, ఒంటరి స్త్రీకి ఇల్లియ్యమని చెప్పు గృహస్థులు మనలో లేరా? కులమడిగి తలుపు వేయువారు లేరా? నర్సులు నిలువరని సభలలో వాపోవు పెద్దలలో నెందరి యిండ్లు ఖాళీగ నుండియు ఆమెకు దొరకలేదో మేమిచట వ్రాయము, వారికే తెలియును. ఈ యడవి బిడ్డలలో నర్సింగు చదివిన కోయ యువతులను వెదకి వారినే యిచట నియమించినచో, సొంతయూరు విడిచిపోవలెనను తొందర వారికుండదు, రోగి భాషయు వారికి వచ్చును. ఇంత సులభమైన యుపాయము ఎన్నేండ్లైనను పూర్తిగ నాచరణకు రాకపోవుట మా కర్థము కాదు.

వైద్యులయందు దోషములు లేవని మేము వాదింపము. హాజరువేసి సొంత క్లినిక్కునకు పోవువారును, చేయి చాచువారును కలరు, వారిని శిక్షింపవలసినదే. కాని వారి దోషమునకు, రాత్రి డ్యూటీలో చిక్కిన యిరువదినాలుగేండ్ల పిల్లవానిని కొట్టుట యే న్యాయము? 2008లోనే వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును నిషేధించు చట్టము మన ఉమ్మడి రాష్ట్రమున వచ్చెను. ఐనను 2020 జూనులో, మహమ్మారి నడుమ, గాంధీ వైద్యశాలలో వైద్యునిపై దాడి జరిగెను. 2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఆర్.జి. కర్ వైద్యకళాశాలలో దీర్ఘమైన డ్యూటీ చేసి విశ్రమించిన యువవైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్య చేయబడెను. దేశము కంటతడి పెట్టెను. సుప్రీముకోర్టు జాతీయ కార్యదళమును నియమించెను. ఆమె విశ్రమించుటకు సెమినారు గదికి పోవలసివచ్చెనను సంగతిని మనవారు గుర్తించిరా? తాళము పడు తలుపు, ఒక మంచము, ఒక స్నానపుగది గల విశ్రాంతిస్థలము స్త్రీ సిబ్బందికి మన జిల్లా వైద్యశాలలలో నెన్నిచోట్ల గలదో అధికారులు ప్రకటింతురా?

మేము కోరునవి పెద్ద కోరికలు కావు. ప్రతి వైద్యశాల వాకిట, మంజూరైన యుద్యోగము లెన్ని, నిండిన వెన్ని, ఈ రాత్రి డ్యూటీలో నున్నవా రెందరు అను పలక వ్రేలాడదీయవలెను. రాత్రి పని చేసినవానికి మరునాటి పగలు విడుపు తప్పక యుండవలెను. సెలవుమీద పోయినవాని బదులు పనిచేయుటకు జిల్లాలో కొందరు నర్సులను ప్రత్యేకముగ నుంచవలెను. ఏజెన్సీ కార్మికుల కూలి ఏ తేదీకి చేరకపోయిన ఏజెన్సీ దండుగ చెల్లింపవలెనో ఒప్పందముననే వ్రాయవలెను. భద్రాచలపు సిబ్బందిని జిల్లా జనసంఖ్యనుబట్టియు మంచములనుబట్టియు గాక, వచ్చు రోగులనుబట్టి నిర్ణయింపవలెను. దీనికి మూడు రాష్ట్రముల యధికారులు ఒక్కచోట కూర్చుండవలసియున్న కూర్చుండనిండు. ఇక మన పాఠకులలో వైద్యశాలల యభివృద్ధి సంఘములలో సభ్యులైనవారు కొందరు కలరు. రాబోవు సమావేశమునకు గోడల రంగును, ప్రహరీ గేటును గూర్చిన యంశములు సిద్ధముగనే యుండును. వానికి ముందుగ నర్సుల విశ్రాంతిగదియు, వారి నివాసగృహములును అను రెండంశములను వ్రాయించి, ఆ యూరిలో నద్దెకియ్యగల యిండ్ల జాబితాను తామే తీసికొనిపోవుదురుగాక.