ఆరోగ్య విషయములు: నాట్యమాడు బాలికల మోకాళ్ళు

నాట్యము నేర్చు పిల్లకు కాళ్ళు నొప్పియెత్తుట సహజమే యనియు, నాలుగు దినములలో నదియే సర్దుకొనుననియు మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటలో సగము సత్యము, సగము ప్రమాదము గలదు. క్రొత్త యడవులు నేర్చిన మఱునాడు తొడలును పిక్కలును బరువెక్కి నొచ్చుట సహజమే. అది రెండు మూడు దినములలో దిగిపోవును. కాని నొప్పి యొకే కీలునందు, వ్రేలుపెట్టి చూపగలిగినంత స్పష్టముగ నుండి, వారములు గడచినను తగ్గకున్నచో దానిని సహజమని త్రోసివేయరాదు.

ఇట్టి విషయమును గూర్చియే యొక సోదరి మాకు వ్రాసియున్నారు. వారి కుమార్తెకు పండ్రెండేండ్లు. నాలుగేండ్లుగా కూచిపూడి నాట్యము నభ్యసించుచున్నది. ఈ యేడాది పిల్ల చప్పున నెత్తు పెఱిగినదట. మోకాటిచిప్పకు దిగువ నెముకమీద చిన్న బుడిపె లేచి, తాకిన నొచ్చుచున్నది. మూడు మాసములలో రంగప్రవేశము. తండ్రిగారు నాట్యము మాన్పింతమనుచున్నారు. గురువుగారు కొంచెమోర్చుకొమ్మనుచున్నారు. నాయనమ్మగారు రాత్రులందు ఆముదము రాసి మర్దనము చేయుచున్నారు. ఈ ముగ్గురి నడుమ తాను చేయవలసినదేమని యా తల్లి యడుగుచున్నారు.

పిల్లను చూడకుండ రోగనిర్ణయము చేయుట మాకు తగదు. అయినను ఈ వయస్సున, ఈ చోట వచ్చు నొప్పి మిక్కిలి తఱచుగా నొకే కారణమువలన కలుగుచుండును. దీనిని 1903 లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండులో ష్లాటర్ అను నిరువురు వైద్యులు వేఱువేఱుగా వర్ణించిరి. నేటికిని వారిరువురి పేళ్ళతోనే యది పిలువబడుచున్నది. తొడ ముందుభాగమందలి పెద్ద కండరము మోకాటిచిప్పమీదుగా దిగి, ముంగాలి యెముక పైభాగమున నతుకుకొనియుండును. ఎదుగు వయస్సున నా యతుకు దగ్గఱ నెముక యింకను మెత్తగా నుండును. ఎముకలు పెఱిగిన వేగముతో కండరములు సాగజాలవు. అందుచే నవి బిగిసియుండును. అట్టి సమయమున మోకాళ్ళు వంచి నిలుచుట, గెంతుట, పాదము గట్టిగ తట్టుట యనునవి దినదినమును జరిగినచో, ఆ కండరము తన యతుకును లాగిలాగి యచ్చట వాపును నొప్పిని పుట్టించును. ఎదుగుదల ముగిసిన పిమ్మట నిది సాధారణముగ తగ్గిపోవును. బుడిపె మాత్రము కొందఱికి మిగిలియుండును. దానివలన భయము లేదు.

కావున తండ్రిగారు కోరినట్లు నాట్యమును బొత్తిగా మాన్పింపనక్కఱలేదు. గురువుగారు చెప్పినట్లు నొప్పిని దిగమ్రింగి యాడనును రాదు. వలసినది యీ రెండును గాదు, భారమును కొలతవేసి తగ్గించుట. ఫిజియోథెరపి, అనగా వ్యాయామాదులచే శరీరము చక్కజేయు శాస్త్రము నభ్యసించినవారు దీని కొక సులభమైన గుర్తు చెప్పుదురు. సాధన చేయునపుడు కొంచెము నొచ్చినను, అది మఱునాటి యుదయమునకు మునుపటి స్థితికి వచ్చినచో భారము సరిపోయినట్లు. తెల్లవాఱినను తగ్గకపోయినచో, మెట్లు దిగునపుడు పిల్ల కుంటినచో, నిన్నటి సాధన హెచ్చయినట్లు. ఆముదమువలన హాని లేదు గాని, నొచ్చుచున్న యెముకపై గట్టిగ మర్దించుట తగదు. సాధన ముగిసిన తరువాత ఐసును బట్టలో చుట్టి పది పదునైదు నిమిషములుంచిన నొప్పి శాంతించును.

నొప్పి యధికముగ నున్న వారములలో పిల్ల యేమి చేయవలెను? ఇచ్చట మన కళ యొక్క సంపద మనకు సాయపడును. క్షేత్రయ్య పదములను కూర్చుండి యభినయించుట మన పెద్దల నాటినుండి వచ్చిన గౌరవమైన మార్గమే. పాదములు విశ్రమించునపుడు కన్నులు, కనుబొమలు, హస్తములు పనిచేయవచ్చును. జతులను తాళముతో నోటచెప్పుట, తట్టుకళి పట్టి నట్టువాంగము నేర్చుట యను పనులకు మోకాళ్ళతో నిమిత్తము లేదు. గెంతుటయు, పళ్ళెము అంచుపై నిలిచి యాడు తరంగమును కొన్నాళ్ళు ప్రక్కనుంచినంతమాత్రమున విద్య పోదు. గురువుగారితో తల్లి వినయముగ నీ సంగతి చెప్పినచో వా రంగీకరింతురనియే మా నమ్మకము. రంగప్రవేశమునకు మందిరము, బట్టలు, వాద్యగాండ్రు కుదిరి యుందురు కావున వాయిదావేయుట నామోషి యని తోచవచ్చును. ఆఱుమాసములు వాయిదావేసిన రంగప్రవేశమును ఎవ్వరును జ్ఞాపకముంచుకొనరు. నొచ్చు మోకాలితో నాడిన పిల్ల మాత్రము దానిని జ్ఞాపకముంచుకొనును.

ఇక నీ నొప్పి మరల రాకుండ చూచుకొను మార్గము. అరమండిలో నిలిచినపుడు పాదములు ప్రక్కలకు తిరిగియుండవలెను గదా. ఆ తిరుగుట తుంటి కీలునుండి రావలెను. తుంటి యెముకల యమరిక యందఱికి నొక్కరీతిగ నుండదు. కొందఱి తుంటి హెచ్చుగ తిరుగును, కొందఱిది తక్కువ. తుంటి తిరుగని పిల్ల, ప్రక్కనున్న పిల్లతో సమానముగ కనబడుటకై పాదములను మాత్రమే బలవంతముగ త్రిప్పును. అపుడు మెలి యంతయు మోకాలిమీద పడును. మోకాలు ముఖ్యముగ తలుపుబందువలె వంగుటకు, చాపుటకు ఏర్పడినది, మెలి నోర్వజాలదు. అద్దము నెదుట పిల్లను అరమండిలో నిలువబెట్టి చూడుడు. మోకాలు రెండవ కాలివ్రేలికి సూటిగ పైన నుండినచో బాగుగ నున్నది. పాదము బయటికి చూచుచు మోకాలు లోపలికి వాలుచున్నచో పాదములను కొంచెము తక్కువగ త్రిప్పుమని చెప్పవలెను. నడుము ముందునకు విఱుచుకొని నిలుచు పిల్లలకు నడుమునొప్పి కూడ దీనినుండియే పుట్టును.

తుంటికి బలము నిచ్చు వ్యాయామములు ఇంట చేయదగినవే. ప్రక్కకు తిరిగి పరుండి, మోకాళ్ళు వంచి, మడమలు కలిపియుంచి, పైమోకాలిని ఆల్చిప్ప తెఱచినట్లు మెల్లగ తెఱచి మూయవలెను. వెల్లకిల పరుండి మోకాళ్ళు నిలిపి నడుమును పైకెత్తి నిలుపుట మఱియొకటి. పిక్కల బలమునకై మెట్టుమీద మునివ్రేళ్ళతో నిలిచి మడమల నెత్తి దింపవలెను. (గడపమీద నిలువరాదని మన నాయనమ్మలు కోపింతురు గావున మెట్టే మేలు.) పండ్లు తోముకొనునంతసేపు ఒంటికాలిపై నిలుచుట చీలమండలకు మంచి సాధన. అడవులకు ముందు పది నిమిషములు నడచి, కాలుసేతులు మెల్లగ కదలించి, ఒడలు వెచ్చజేసికొనవలెను. కండరములను చాలసేపు సాగదీసి నిలుపు వ్యాయామములు సాధనకు తరువాతనే తగినవి.

నేల సంగతి యొకటి కలదు. నేడు పట్టణములలో పిల్లలు సిమెంటుపై పఱచిన నున్నని రాళ్ళమీద పాదము తట్టుచున్నారు. రాయి యిసుమంతయు నీయదు. ఆ దెబ్బ మడమకు, ముంగాలికి మరలివచ్చును. అడుగున కొంచెము సందుంచి వేసిన చెక్కనేల శ్రేష్ఠము. అది లేనిచో ఇంటి సాధనలో సగము మెల్లని తట్టుతో చేసిన చాలును. మెత్తని దళసరి తివాచీ మాత్రము కూడదు. పాదము క్రుంగి చీలమండ బెణుకును. వారమునకు రెండు గంటలాడు పిల్లను రంగప్రవేశమునకు ముందు దినమునకు నాలుగు గంటలాడించుట మఱియొక యపాయము. సాధనను వారము వారము కొంచెము కొంచెముగనే పెంచవలెను.

తల్లులు మాత్రమే గమనింపగల సంగతి మఱియొకటి. సన్నగ నుండవలెనని కొందఱు బాలికలు అన్నము తగ్గించుకొందురు. అట్టివారికి నెలసరి తప్పిపోయినచో, నాట్యపు శ్రమవలన మంచిదే యైనదని యూరకుండరాదు. శ్రమకు తగిన యాహారము లేదని శరీరము చెప్పు మాట యది. ఎముకలు పలుచబడి సన్నని పగుళ్ళు పడు ప్రమాదము గలదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు 2014 లో క్రీడాకారుల విషయమై ప్రత్యేకముగ హెచ్చరించినది యీ దోషమును గూర్చియే. మూడు నెలలు వరుసగ తప్పినను, పదునైదేండ్లు నిండినను ఈడేఱకున్నను వైద్యురాలికి చూపవలెను. రాగులు, నువ్వులు, పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు వారి కంచములో కొదువలేకుండ వడ్డింపుడు.

సుధాచంద్రన్ కథ మన తెలుగువారికి తెలిసినదే. 1981 లో ప్రమాదమున కాలు కోల్పోయి, జైపూరు కృత్రిమపాదముతో 1984 లో మరల రంగమెక్కిన యా నర్తకి జీవితము 1985 లో "మయూరి" యను చలనచిత్రమాయెను. నొప్పిని లక్ష్యపెట్టక యాడవలెనని పిల్లలకు చెప్పుట కీ కథను వాడుకొనుట మాకు నచ్చదు. ప్రమాదమునకును రంగమునకును నడుమ రెండేండ్లకు పైగ గడచినవి. నిలుచుట, నడచుట మొదలుకొని యన్నియు మరల నేర్చుకొనవలసివచ్చెను. ఆ కాలమును కథలో మనవారు త్వరగ దాటివేయుదురు.

రాత్రి నిద్రలేపు నొప్పి, జ్వరముతో కూడిన వాపు, మోకాలు హఠాత్తుగ పట్టుకొనిపోవుట, కాలు మోపజాలకుండుట యను లక్షణములున్నచో వ్యాయామములతో కాలము గడపక వెంటనే యెముకల వైద్యునికి చూపవలెను. పిల్ల కుంటుచు మోకాలు నొప్పి యన్నపుడు తుంటిని కూడ పరీక్షింపుమని యడుగుడు. ఎదుగు పిల్లలలో తుంటి దోషము కొన్నిసార్లు మోకాలి నొప్పిగ కనబడును. ఫిజియోథెరపిస్టు కడకు పోవునపుడు పిల్ల అడవు లాడుచుండగా తీసిన వీడియో నొకదానిని, వారములో నెన్ని గంటలాడుచున్నదో వ్రాసిన కాగితమును తీసికొనిపొండు. బల్లమీద పరుండబెట్టి చూచినపుడు కనబడని దోష మందు కనబడవచ్చును.

వీణ నభ్యసించువారికి మెడకును, మణికట్టునకును వచ్చు నొప్పులను గూర్చి యడిగిన సోదరీమణులకు వచ్చు సంచికలో వ్రాయుదుము.