కళాశాల ముంగిట గరిక

మన ప్రధాన భవనం ముందున్న ఖాళీ స్థలంలో పచ్చిక పెంచాలని పాలకవర్గంవారు యోచిస్తున్నట్లు తెలిసింది. యోచన శ్లాఘనీయమే. పచ్చిక కంటికి చలువ, దుమ్ముకు అడ్డు. అయితే ఏ గడ్డి పెంచాలన్న విషయంలో నాదొక మనవి. నేను తెలుగు బోధించేవాడను. వృక్షశాస్త్రం నా విషయం కాదు. సేద్యగాని ఇంట పుట్టినవాడిగా మాత్రమే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నర్సరీలవారు చాపలవలె చుట్టి అమ్మే పచ్చిక చూడముచ్చటగానే ఉంటుంది. దానిని నిలుపుకొనుటకు నీరు కావాలి. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మన స్థలం సుమారు వేయి చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల వంతున తడిపినా 5,000 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో కొలిస్తే మూడువందల ముప్పయికి పైమాటే! అనంతపురం సీమలో ఏడాదంతా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గత ఏప్రిల్‌లో మన వసతిగృహ విద్యార్థులు స్నానానికి వంతులు వేసుకొన్న సంగతి అందరికీ తెలిసినదే. వారికీ, ఈ పచ్చికకూ నీరివ్వవలసినది ఒకే బోరు.

ఇంటిముందు లాను అనే వేడుకను మనం ఇంగ్లాండువారిని చూసి నేర్చుకొన్నాము. అక్కడ పన్నెండు నెలలూ వాన పడుతుంది. మనకు ఆ మబ్బులు లేవు, ఆ పచ్చదనం మాత్రం కావాలి.

మన పొలం గట్లపై ఎవరూ నాటకుండా పెరిగేది గరిక. సంస్కృతంలో దూర్వ, ఉర్దూలో దూబ్. కణుపు కణుపునా వేరు దించుతూ నేలపై ప్రాకుతుంది. నేల లోపల కూడా కాండం పరచుకొంటుంది. వాన లేనప్పుడు పైన ఆకు ఎండినా లోపలి కాండంలో ప్రాణం ఉంటుంది. తొలకరి పడిన కొద్ది దినాలకే చిగురిస్తుంది. తొక్కిడికి జంకదు. ఆట మైదానాలలో పెంచేది కూడ ఎక్కువగా ఈ జాతినే. మా నాయనగారు ఎన్నిసార్లు గుంటక తోలినా మళ్ళీ మొలిచేది. చంపబోయినా చావని గడ్డిని బ్రతికించుకొనుటకు ఎంత నీరు కావాలి?

లోపాలు లేకపోలేదు. గరికకు నీడ గిట్టదు. మన వేపచెట్ల క్రింద అది రాదు. అక్కడ రాలిన ఆకును అట్లే వదలుట మేలు. పూలమళ్ళలోనికి చొరబడుతుంది గనుక అంచున జానెడు లోతున రాళ్ళు పాతాలి. కాలువ వాలుపై వట్టివేరు నాటితే మట్టి కోత ఆగుతుంది.

అసలు చిక్కు రంగుతోనే. సంక్రాంతి దాటాక ఈ పచ్చిక పసుపు తిరుగుతుంది. మే నాటికి ఎండుగడ్డివలె కనిపిస్తుంది. వసతిగృహపు స్నానాల నీటిని పదిహేను దినాలకొకసారి మళ్ళిస్తే ప్రాణం నిలుస్తుందే గాని పచ్చదనం నిలువదు. ఆ కొన్ని నెలలు ఎండిన ముంగిలిని చూచి సిగ్గుపడకుండుటకు పాలకవర్గమూ, మనమూ సిద్ధపడాలి. కుళాయి వట్టిపోయిన వసతిగృహం ముందు పచ్చని తివాసీ పరచుటే సిగ్గుచేటని నా అభిప్రాయం.

ఈ తొలకరికి ఒక మూల వంద చదరపు మీటర్లలో నాటి చూడవలసినదిగా పాలకవర్గంవారిని కోరుతున్నాను. కణుపులున్న తీగముక్కలను జానెడు ఎడంగా నాటి, వేరూనేవరకు కొన్ని వారాలు తడిపితే చాలు. కొనవలసిన పని కూడ లేదు. మా ఊరి గట్లపైనుండి ఒక బండెడు గరిక తెప్పించే పూచీ నాది.