ప్రయాణించే హక్కు

ఆడపిల్ల బొమ్మలు బాగా వేస్తుందంటే మన ఇళ్ళల్లో సంతోషిస్తారు. ముగ్గు బాగా పెడుతుందని, రికార్డు పుస్తకంలో బొమ్మలు అచ్చు గుద్దినట్టు వేస్తుందని నలుగురికీ చెప్పుకుంటారు. ఆ పిల్లే, బొమ్మలు నేర్చుకోవడానికి పై ఊరు వెళ్తానంటే మాట మారిపోతుంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పనిమీద తిరుగుతూ ఈ మాట మారడం నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. బొమ్మ మీద ఎవరికీ అభ్యంతరం లేదు, బస్సు మీదే.

మనుషుల రూపాలు చిత్రించేవాళ్ళకి ప్రయాణం ఎంత అవసరమో దామెర్ల రామారావు జీవితం చూస్తే తెలుస్తుంది. 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకోమని ప్రోత్సహించాడు. మనిషి శరీరాన్ని చూసి గీసే పడమటి పద్ధతి బొంబాయిలో పట్టుబడింది. అజంతా చూశాక ఆయన గీత మారింది. ఆ రెండూ కలిపి గోదావరి ఒడ్డు మనుషుల్ని చిత్రించాడు. 1925లో మశూచితో చనిపోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

అదే కుటుంబంలో ఆయన తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా చిత్రకారిణులే. చిత్రకళ మీద మన పుస్తకాల్లో వాళ్ళ ప్రస్తావన ఒక వాక్యం, మహా అయితే రెండు. కుంచె ముగ్గురి చేతుల్లోనూ ఉంది. బొంబాయి చదువు మాత్రం ఒకరికే. ఇది రామారావు తప్పని నేననడం లేదు. ఇంట్లో ఆడవాళ్ళ చేతికి రంగులందడమే ఆ రోజుల్లో పెద్ద సంగతి. కానీ కూల్డ్రే లాంటి పెద్దమనిషి కంట పడాలంటే ముందు కాలేజీ గుమ్మం దాకా వెళ్ళాలి కదా!

గుమ్మం దాటిన స్త్రీ ఏం చూడగలదో అమృతా షేర్‌గిల్ చూపించింది. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. తల్లి హంగేరీ దేశస్థురాలు, తండ్రి పంజాబీ సిక్కు. పారిస్‌లో చదువుకుని 1934 చివర్లో మన దేశానికి తిరిగొచ్చింది. తరువాత అజంతా, ఎల్లోరా చూసి, హైదరాబాద్ మీదుగా కన్యాకుమారి దాకా తిరిగింది. 1937లో వేసిన 'పెళ్ళికూతురి అలంకరణ', 'సంతకు వెళ్తున్న దక్షిణాది పల్లెవాసులు' ఆ ప్రయాణం ఇచ్చినవే. 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' చూడండి. ముగ్గురూ ఎవరికోసమో సింగారించుకున్నట్టుండరు, తమకు జరగబోయేది తెలిసినట్టు మౌనంగా కూర్చుంటారు. రామారావు స్త్రీలు అందంగా ఉంటారు. అమృత స్త్రీలు ఆలోచిస్తూ ఉంటారు. నాకు ఈ రెండోవాళ్ళే దగ్గరివాళ్ళు. అయితే అమృతది కలిగిన కుటుంబం, ఆమె ప్రయాణాలకి ఇంటివాళ్ళ అండ ఉంది. ఆ అండ లేని పిల్లల సంగతేమిటన్నదే మన ప్రశ్న.

మన ఉదయగిరికి ప్రయాణాలు కొత్తేమీ కాదు. గజపతులు, విజయనగర రాజులు, గోల్కొండ నవాబులు ఈ దుర్గం ఎక్కినవాళ్ళే. కృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి, 1515లో గుడి కట్టి నిలిపాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాతి బొమ్మ అంత దూరం వెళ్ళింది!

ఇదే ఊళ్ళో ముస్లిం కుటుంబాల ఆడవాళ్ళు నర్ది, బిక్కి లాంటి కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. పిడి మీద పూలు, లతలు ఆకురాయితో, చిన్న రంపంతో తీరుస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గరిటె పెద్ద ఊళ్ళ ఎగ్జిబిషన్లకు చేరుతుంది. చెక్కినామె ఆ ఎగ్జిబిషన్ గుమ్మం చూసిందా? దుకాణంలో దాని వెల ఎంతో, అందులో తనకొచ్చేది ఎంతో పోల్చుకోవడానికైనా ఆమె ఒకసారి అక్కడ నిలబడాలి. వేరే ఊళ్ళవాళ్ళ పనితనం చూస్తే ఆమె చేతిలోని లత కూడా మారుతుంది. రామారావుకి అజంతా చేసిన మేలు ఈమెకి ఎందుకు అక్కర్లేదు?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. లలితకళలకి కడపలో 2020లో విశ్వవిద్యాలయం వచ్చింది. ఆత్మకూరు నుంచి బద్వేలు మీదుగా బస్సు దారే. చార్జీకి డబ్బుల్లేవన్న మాట ఇక చెల్లదు. మిగిలింది ఇంట్లో అనుమతి, ఊళ్ళో నలుగురి నోరు, అక్కడ దిగాక తలదాచుకునే చోటు. మొదటి రెంటితో మనం ఎప్పటినుంచో పోరాడుతూనే ఉన్నాం. మూడోదాని గురించి ప్రభుత్వాన్ని గట్టిగా అడగడం లేదు. బాలికల హాస్టళ్ళ గురించి అర్జీలు రాసేటప్పుడు ఇంజనీరింగు, నర్సింగుల పక్కన చిత్రకళ అన్న మాట కూడా చేర్చండి. మేళాలకి సరుకు పంపే సంస్థల మిత్రులు, సరుకుతో పాటు చేసినామెను కూడా పంపండి. దారి ఖర్చు, ఆ నాలుగు రోజుల కూలి లెక్కలో రాయండి. స్టాలు బోర్డు మీద సంస్థ పేరు కింద ఆమె పేరు ఉండాలి. పసిబిడ్డ తల్లయితే బిడ్డతోనే రమ్మనండి, చూసుకునే మనిషిని ముందే కుదిర్చి పెట్టండి.