డిష్‌వాషర్ కొనే ముందు

గత రమజాన్‌లో తరావీహ్ ముగిసి ఇంటికి వచ్చేసరికి కూడా ఇఫ్తార్ గిన్నెలు సింకులోనే ఉండేవి. సబ్బునీళ్ళకు వేళ్ళు పగిలిన మా అత్తగారు వాటిని తోమి పడుకొని, సహెరీకి మళ్ళీ లేచేవారు. ఆమె పడుతున్న బాధ చూసిన తర్వాతనే యంత్రం కొనాలని నిశ్చయించుకున్నాము.

దుకాణంలో మొదట వినిపించే మాట ‘12 ప్లేస్ సెట్టింగులు’. ఇది పాశ్చాత్యుల భోజనపు బల్ల లెక్క. ఒక మనిషికి కావలసిన పళ్ళేలు, గ్లాసు, చెంచాలు కలిపి ఒక సెట్టింగు. మన కుక్కరు, కడాయి, బిర్యానీ గిన్నె అందులో లేవు. అందుచేత ఆరుగురున్న ఇంటికి బల్లమీద పెట్టే 8 సెట్టింగుల యంత్రం చాలదు. 12 నుంచి 14 వరకు ఉండాలి. మేము ఇంట్లోని అతి పెద్ద గిన్నె కొలత కాగితంపై రాసుకొని వెళ్ళాము. అమ్మకందారు నవ్వాడు గాని, అన్నిటికన్నా ఆ కాగితమే మాకు ఎక్కువ ఉపకరించింది.

ఇక కంపెనీల సంగతి. బాష్, సీమెన్స్ రెండూ ఒకే జర్మన్ సంస్థవి. కనుక పేరు చూసి కాక, లోపలి సౌకర్యాలు చూసి ధర పోల్చాలి. బాష్ మోడళ్ళలో జిడ్డు గిన్నెలకు 70 డిగ్రీల కడాయి ప్రోగ్రామ్ ఉంటుంది. ఐ.ఎఫ్.బి. మన దేశపు సంస్థ. యంత్రానికి కావలసిన ఉప్పు, డిటర్జెంట్ కూడా తానే అమ్ముతుంది. ఎల్.జి. కొన్ని మోడళ్ళలో ఆవిరితో కడిగే ఏర్పాటు చేసింది. వోల్టాస్ బెకో, టాటాల వోల్టాస్ తుర్కియే సంస్థతో కలిసి తెచ్చినది.

ఇంత పోల్చినా మన్నికను నిర్ణయించేవి రెండే: నీరు, మెకానిక్కు. జిల్లా పట్టణంలో ఉన్న మా బంధువులు పండుగ తగ్గింపు చూసి ఒక యంత్రం కొన్నారు. నీటిని తోడే పంపు ఆగిపోతే, బాగుచేసే మనిషి హైదరాబాదు నుంచి రావాలన్నారు. నెల దాటినా రాలేదు. ఇప్పుడది వారింట గిన్నెలు సర్దుకొనే బీరువా!

బోరు నీటిలో సున్నపు పాలు ఎక్కువ. దానిని తగ్గించడానికే యంత్రంలో ప్రత్యేకమైన ఉప్పు పోస్తారు. వంట ఉప్పు పనికిరాదు. నీటి కాఠిన్యం తెలుసుకొని దానికి తగినట్లు సెట్టింగు పెట్టించుకోకపోతే గాజు గ్లాసులపై తెల్లని మరకలు పడతాయి. ఉప్పు, డిటర్జెంట్, మెరుపు కోసం రిన్స్ ఎయిడ్, ఈ మూడింటి నెలసరి ఖర్చు ధరతో కలిపి లెక్కించాలి. ఇకో ప్రోగ్రామ్‌లో నీరు సుమారు 10 లీటర్లే పడుతుంది గాని, మూడు గంటలకు పైగా ఓపిక పట్టాలి. ఫిల్టరు మాత్రం మనమే కడగాలి.

అల్యూమినియం గిన్నెలు ఇందులో నల్లబడతాయి. కళాయి పూసిన రాగి దేగ్, కొయ్య గరిటెలు, చాలా నాన్‌స్టిక్ పెనాలు కూడా చేతితోనే తోమాలి. ఇది ముందే తెలియక నిరాశపడ్డవారు ఉన్నారు.

చివరకు మా ఇంటికి దగ్గరలో సర్వీసు కేంద్రం ఉన్న కంపెనీ యంత్రమే తీసుకున్నాము. దేగ్ తోమే వంతు ఇప్పుడు మా ఇంటి మగవారిది.