వైజాగ్‌లో అత్తమ్మ ఏం చూసింది?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన ఇళ్ళల్లో ఒక మాట మొదలవుతుంది. "ఈసారి వైజాగ్ పోదామా?" అని. మాది మేడ్చల్. మా అత్తగారి ఊరు శామీర్‌పేట పక్కన. సముద్రం లేని రాష్ట్రం మనది. మా వైపు వాళ్ళకి పెద్ద నీళ్ళంటే శామీర్‌పేట చెరువే. అందుకే సముద్రం అనగానే పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకి కూడా ప్రాణం లేచొస్తుంది.

మూడేళ్ళ కింద దసరా సెలవుల్లో మేమూ వెళ్ళాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. అత్తమ్మకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అప్పటిదాకా ఆమె సముద్రం చూడలేదు. మా అబ్బాయి ఫోన్‌లో వెతికి ఒక జాబితా రాశాడు. మూడు రోజుల్లో పదకొండు చోట్లు. ఒక్కటీ వదలకుండా అన్నిటికీ టిక్కు పెట్టుకుని ఇంటికొచ్చాం.

వచ్చిన మర్నాడు పక్కింటి ఆమె గేటు దగ్గర నిలబడి అడిగింది, "వైజాగ్‌ల ఏమేం చూసిండ్రు పెద్దమ్మా?" అని. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. అత్తమ్మ చెప్పడం వినిపించింది. "గుహలు మస్తు లోపలికి ఉంటయంట. ఆ సబ్‌మెరైన్ల పండుకునేటందుకు మంచాలు గూడ ఉంటయంట. కొండ మీదికెళ్ళి చూస్తే సముద్రం మొత్తం కనబడ్తదంట."

"మరి నువ్వేం చూసినవ్?"

"నేనా? నేను సంచులు చూసిన."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం చేతిలో మడత ఆగిపోయింది. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, మాట చివర 'అంట' చేరితే అర్థం ఏమిటో నాకు తెలుసు. తాను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నది అని. ఏడు వందల కిలోమీటర్లు తీసుకెళ్ళి ఆమెకి మేం చూపించింది 'అంట' మాత్రమే.

నిజంగా అంతే జరిగింది. బొర్రా గుహల్లో వందల మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఆమె కారులో కూర్చుంది. ఆర్కే బీచ్ దగ్గరున్న కురుసుర సబ్‌మెరైన్‌లో ఇరుకు ద్వారాల్లోంచి తల వంచి, కాలెత్తి దాటుకుంటూ పోవాలి. ఆమె బయట బెంచీ మీద, ఆమెకి తోడుగా నేను, మా ఇద్దరికీ తోడుగా ఆరు సంచులు. కైలాసగిరికి వెళ్ళేసరికి చీకటి పడింది. సముద్రం దగ్గరైతే "అలలొస్తున్నయ్, నువ్ ఈడనే ఉండు" అని దూరంగా కూర్చోబెట్టాం. పైగా మూడో రోజుకి ఆమె కాళ్ళు వాచాయి.

అప్పటినుంచీ నాకొక అభిప్రాయం గట్టిపడిపోయింది. ఇంటిల్లిపాదీ వెళ్ళే ప్రయాణానికి జాబితా ఫోన్‌లోంచి మొదలుపెట్టకూడదు. ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే మనిషి దగ్గర మొదలుపెట్టాలి. ఆమె వెళ్ళగలిగేవి ముందు రాసుకోవాలి. మిగిలినవి ఆ తరవాత, ఖాళీ ఉంటే.

ఇలా అంటే మా ఆయన ఒప్పుకోలేదు. "అంత ఖర్చు పెట్టుకుని పోయి సగమే చూసి వస్తామా? మళ్ళా ఎప్పుడు పోతామో!" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. టికెట్లు, హోటలు, కారు అన్నీ కలిపితే మనలాంటి ఇళ్ళల్లో అది ఏడాది పొదుపు. కానీ ఆ ఖర్చు ఐదుగురి కోసం పెట్టాం, చూసింది ముగ్గురు. నేనడిగేది ఆ లెక్కే.

ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు మిగిలిపోతే వాళ్ళ పక్కన మిగిలిపోయేది ఎవరు? మనమే. ఇంట్లో ఎవరూ ఆ డ్యూటీ మనకి వేయరు, మనమే వెళ్ళి కూర్చుంటాం. "మీరు పోయి రండి, నేనుంటాలే" అనే మాట మన నోట్లో తయారుగా ఉంటుంది. తిరిగొచ్చాక ఫొటోలు చూస్తే సగం ఫొటోల్లో మనముండం. అందులో అత్తమ్మకీ నాకూ తేడా ఏమీ లేదు.

నిరుడు చలికాలంలో రెండోసారి వెళ్ళాం. ఈసారి జాబితా నేను రాశాను. అది మీకు పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

ముందు రైలు సంగతి. సికింద్రాబాద్‌లో సాయంత్రం ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగే బండి పెద్దవాళ్ళకి మంచిది. కింది బెర్తు కోసం రైల్వేలో ఒక కోటా ఉంది. అరవై దాటిన మగవాళ్ళకీ, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకీ వర్తిస్తుంది. అయితే ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే. ఐదుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా రాదు. మొదటిసారి మాకీ సంగతి తెలియక అత్తమ్మకి మధ్య బెర్తు వచ్చింది. ఈసారి అత్తమ్మకీ నాకూ టికెట్ వేరుగా తీశాం. ఆ కోటాలో నాకూ చోటుందని తెలిసి మా అమ్మాయి ఒకటే నవ్వు!

మొదటి రోజు పొద్దున ఆర్కే బీచ్‌కే వెళ్ళాం, ఇంకెక్కడికీ కాదు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే పైకొస్తాడు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ళ కోసం బండ్లు ఆపేస్తారు. హారన్లు ఉండవు. అత్తమ్మ చేయి పట్టుకుని మెల్లగా నడిపించి, ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ వేశాం. పాదాల దాకా నీళ్ళు వచ్చిపోతున్నాయి. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అంది, "శామీర్‌పేట చెరువుకు కట్ట ఉంటది. దీనికి కట్ట ఏదే?"

ఆ ఒక్క చోట రెండు గంటలు కూర్చున్నాం. జాబితా ప్రకారమైతే ఆ రెండు గంటల్లో మూడు చోట్లు తిరిగి ఉండేవాళ్ళం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ. పాదాలు తడుపుకోవడం వేరు, లోపలికి దిగడం వేరు. ఏటా అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పిల్లలు ఎంత గొడవ చేసినా మోకాళ్ళు దాటనివ్వకండి.

అదే రోజు సాయంత్రం కురుసుర. మన నౌకాదళంలో 1969లో చేరి, 2001 దాకా పనిచేసిన సబ్‌మెరైన్ అది. ఆ మరుసటి ఏడాది ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. సోమవారం మూసి ఉంటుంది, వెళ్ళేముందు వేళలు కనుక్కోండి. ఈసారి మా ఆయన్ని అత్తమ్మ దగ్గర, సంచుల దగ్గర కూర్చోబెట్టి పిల్లలతో నేను లోపలికెళ్ళాను. తొంభై మీటర్ల పొడవు ఇనుప గొట్టంలో అంతమంది నెలల తరబడి ఎలా ఉన్నారో! నా కళ్ళు వంటగది దగ్గరే ఆగిపోయాయి. మన ఇంట్లో పప్పుడబ్బాలు పెట్టుకునే చోటంత లేదు అది. అందులోనే అందరికీ వండి పెట్టారు. అది చూశాక నా వంటిల్లు చిన్నదని సణగడం కొన్నాళ్ళు మానేశాను. ఇంతలో మా ఆయన ఫోను, "ఇంకా ఎంతసేపు?" అని. పట్టుమని అరగంట కూడా కాలేదు! బయటకొచ్చాక నేనేం అనలేదు. ఆయనే ఒక నవ్వు నవ్వి, "నిరుడు కాదు మొన్న, నువ్వు ఇట్లనే కూర్చున్నవ్ కదా" అన్నారు. అది చాలు నాకు.

రెండో రోజు సింహాచలం. కొండ మీదికి మెట్లున్నాయి గానీ, బస్సులూ కార్లూ గుడి దగ్గరిదాకా వెళ్తాయి. వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు, పెద్దవాళ్ళతో అప్పుడు వద్దు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే హాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి దర్శించుకున్న గుడి అది. అత్తమ్మకి రాయలవారి సంగతి పట్టలేదు. కప్పస్తంభాన్ని రెండు చేతులా చుట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఏం కోరుకుందో అడగలేదు.

సాయంత్రం కైలాసగిరి, ఈసారి వెలుతురు ఉండగానే. పైదాకా రోడ్డుంది, రోప్‌వే కూడా ఉంది. పెద్ద శివపార్వతుల విగ్రహాల దగ్గర పిల్లలు ఫొటోలు తీసుకుంటుంటే, మేం రెయిలింగ్ పక్కన కూర్చుని తీరం వంపు మొత్తం చూశాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి విశాఖలో దీన్ని మించిన చోటు నాకైతే కనిపించలేదు.

మూడో రోజు ఇంటిని రెండు జట్లు చేశాం. మా ఆయనా పిల్లలూ పొద్దున్నే కిరండూల్ వెళ్ళే రైలెక్కి అరకు వైపు వెళ్ళారు. సొరంగాల్లోంచి, లోయల అంచున పోయే దారి అది. అద్దాల పెట్టె కూడా ఉంటుంది. దాని టికెట్ ముందే తీసుకోవాలి. నేనూ అత్తమ్మా కారులో భీమిలి వెళ్ళాం. పాతికకి కాస్త పైన కిలోమీటర్లు. దారంతా ఒక పక్క సముద్రం. ఋషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. అక్కడ బౌద్ధుల పాత ఆరామాల పునాదులున్నాయి. భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి. ఇవన్నీ కారు ఆపి, ఓపిక ఉంటే దిగి, లేకపోతే కూర్చునే చూడొచ్చు.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది అనంతగిరి కొండల్లోంచి, బొర్రా గుహల దగ్గర్నుంచే వస్తుంది. ఆ గుహల్ని తొలిచింది ఆ నీళ్ళే అంటారు. అత్తమ్మకి ఆ మాట చెప్పాను, "అప్పుడు నువ్వు దిగలేకపోయిన గుహల నీళ్ళే ఇవి" అని. ఆమె కొంగు నడుముకి దోపుకుని, నా భుజం పట్టుకుని వంగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుంది. "మనం పోలేకపోతే అదే వచ్చింది" అంది.

ఆ సాయంత్రం ఐదుగురం మళ్ళీ బీచ్‌లో కలిశాం. మురీ మిక్చర్ తింటూ ఎవరు చూసింది వాళ్ళు చెప్పుకున్నాం. మొదటిసారి కంటే ఐదు చోట్లు తక్కువే తిరిగాం. జూ చూడలేదు, యారాడ చూడలేదు, ఎర్రమట్టి దిబ్బలు చూడలేదు. అవి ఎక్కడికీ పోవు. పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ స్నేహితులతో వెళ్తారు. అత్తమ్మ మోకాళ్ళకి మాత్రం అంత వ్యవధి లేదు.

ఇంటికొచ్చాక పక్కింటి ఆమె మళ్ళీ గేటు దగ్గర అడిగింది. నేను ఈసారి పని పక్కనపెట్టి కావాలనే విన్నాను.

"పొద్దుగాల సూర్యుడు నీళ్ళలకెళ్ళి ఎర్రగ లేసిండు. నది వచ్చి సముద్రంల కలిసింది, ఆ నీళ్ళు ముట్టుకున్న. ఒక దిక్కు తియ్యగ, ఒక దిక్కు ఉప్పగ ఉన్నయ్, నోట్ల పోసుకుని చూసిన."

నోట్లో పోసుకుందని నాకు అప్పుడే తెలిసింది! కోప్పడదామనుకున్నాను గానీ, ఒక్క మాట చివరా 'అంట' లేదు. ఊరుకున్నాను.

ఈ సెలవులకి మీరూ వైజాగ్ అనుకుంటుంటే, జాబితా రాసేముందు ఇంట్లో పెద్దావిడ పక్కన ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. "నీకేం చూడాలనుంది?" అని అడగండి. "నాకేముంది బిడ్డా, మీరు యాడికి పోతే ఆడికే" అంటుంది. ఆ మాటకి ఊరుకోకుండా రెండోసారి అడగండి. ఆ తరవాత అదే ప్రశ్న మిమ్మల్ని మీరూ వేసుకోండి.